కత్తికి పాయన

వంటింట్లో కత్తిపీట మొండిదయితే కొట్టిన కమ్మరి చేతిని తప్పు పడతాము. అంచు పెళుసై రాలినా ఆయననే అంటాము. తరచుగా యీ రెండు దోషాలూ వచ్చేది సమ్మెట దెబ్బలో కాదు, ఆ తరువాత జరిగే పాయనలో. దీనినే పదును పట్టించటమనీ అంటారు. చేనిలో తగిన తేమకూ, కత్తికి తగిన వాడికీ ఒకే మాట వాడిన మనవారి తెలివి మెచ్చదగినది. రెంటికీ యెక్కువయినా చేటే, తక్కువయినా చేటే.

మెత్తని ఇనుముకు పాయన పట్టదు. నూటికి అర పాలు పైబడి కర్బనం వున్న ఉక్కు కావాలి. అందుకే కమ్మరులు పాత లారీల కమాను పట్టీలు కొని కత్తులు కొడతారు. రూపు తెచ్చిన కత్తిని కొలిమిలో మెల్లగా కాచి, సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, చక్కని యెరుపు వచ్చినప్పుడు తీయాలి. ఆ వేడిలో ఉక్కుకు అయస్కాంతం అంటదు. అనుమానం వున్నవారు అలా పరీక్షించుకోవచ్చును. కొలిమిని చీకటి మూలన పెట్టటం చోటు లేక కాదు. పట్టపగటి వెలుగులో ఆ యెరుపు సరిగా తెలియదు.

తీసిన వెంటనే నూనెలో ముంచాలి. కమాను ఉక్కును నీళ్లలో ముంచితే బీట వారవచ్చును. అటూ ఇటూ వూపితే కత్తి వంకర తిరుగుతుంది. చల్లారిన అంచుమీద ఆకురాయి గాజుమీద వలె జారిపోతే గట్టిపడినట్లు.

ఇక్కడితో ఆపితే సగం పనే. అప్పటి కత్తి కింద పడితే విరుగుతుంది. తళతళలాడేట్లు రుద్ది, వీపు వైపునుంచి మళ్లీ సన్నగా కాచాలి. అప్పుడు లోహంమీద రంగులు నడుస్తాయి. మేము చూచినంతలో యీ విద్యలో కంటికి ఇంపైన ఘట్టమిదే. సుమారు 220 డిగ్రీలకు యెండుగడ్డి రంగు, ఆపైన గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం. వంటకత్తి అంచుకు గడ్డిరంగు చాలు, వీపు నీలమయినా మంచిదే. కమానుకయితే నీలమే కావాలి. అంచు గడ్డిరంగుకు రాగానే ముంచేయాలి. ఒక్క క్షణం యేమరితే పాయన దిగిపోతుంది.

నిప్పు రంగు చదవటం మనవారికి పాత విద్య. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో చేసిన ఉక్కును కొనటానికి ఒకప్పుడు పారశీక వర్తకులు వచ్చేవారు. అటువంటి మన ఉక్కును ఐరోపా కమ్మరులు తమ అలవాటున తెల్లగా కాచి కొడితే పొడిపొడి అయింది. అందులో కర్బనం నూటికి ఒకటిన్నర పాలు. యెరుపు దాటితే ఓర్వదు.

ఇల్లాళ్లకు ఒక మనవి. కత్తిని పొయ్యిమీద కాల్చకండి. వీధిలో సానచక్రం మీద అంచు నీలమయితే ఆ మేరకు పాయన పోయినట్లే, యెంత నూరినా వాడి నిలువదు. మధ్యమధ్య నీళ్లలో ముంచమని సానపట్టే అతనికి చెప్పండి, గొణిగినా సరే.