మీసం ఎవరిది?

ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా మీసం తీసేసి వీధిలోకి వస్తే, బాగున్నాడా లేదా అని చూసేవాళ్లు కాదు. గొంతు తగ్గించి ‘ఏమప్పా, నాయన బాగుండాడా?’ అని అడిగేవాళ్లు. తండ్రి పోతే కర్మనాడు తలతోపాటు మీసమూ తీయించుకోవడం ఆచారం. ఆయన బతికుండగా తీయించుకుంటే కీడు కోరినట్టే. అంటే ముఖం కొడుకుదే అయినా మీసం మీద హక్కు నాయనది.

ఆ పల్లెల నుంచే వచ్చిన కుర్రాడు ఇవాళ ఎమ్మిగనూరు సెలూన్‌లో కుర్చీ ఎక్కి, ఫోన్‌లో ఫొటో చూపించి ‘అన్నా, ఇట్ల కావల్ల’ అంటాడు. ఆ ఫొటోలో మీసం విడిగా ఉండదు, గడ్డంలో కలిసిపోయి ఉంటుంది. నాయన ఏమంటాడన్న మాటే అక్కడ రాదు.

నిజానికి ఈ ప్రాంతానికి గడ్డం కొత్త కాదు. 17వ శతాబ్దంలో బీజాపూర్ పాలకుల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉన్న ఊరు ఇది. మతాచారంగా గడ్డం పెంచే ముస్లింలు తరతరాలుగా పత్తి మార్కెట్‌లో, బజార్లో అందరితో కలిసి వ్యాపారం చేస్తున్నారు. హిందువుల ఇళ్లలోనూ గడ్డానికి చోటుంది, కాకపోతే దానికో కారణం ఉండాలి. భార్య కడుపుతో ఉంటే భర్త క్షవరం చేయించుకోకూడదన్నారు. అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు కత్తి తగలనివ్వరు. ఇంట్లో చావు జరిగినా అంతే. ఇవేవీ కాకుండా గడ్డం పెరిగిందంటే అది ప్రేమ విఫలమైన గడ్డమే! అక్కినేని ‘దేవదాసు’ 1953లో వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు గడ్డం పెరిగిన కుర్రాణ్ణి చూస్తే ‘ఎవరురా ఆ పిల్ల?’ అనడం ఊళ్లో ఒక ఆనవాయితీ అయిపోయింది.

ఇప్పుడు వచ్చింది కారణం లేని గడ్డం. పెద్దలకు మింగుడుపడనిది అదే.

దీన్ని తెచ్చింది సినిమానే అంటారు. కొంతవరకు నిజమే. 2017లో ‘అర్జున్ రెడ్డి’, 2018లో ‘రంగస్థలం’, 2021లో ‘పుష్ప’ వచ్చాయి. పుష్పరాజ్ గడ్డం కిందుగా చెయ్యి రాసుకుంటే చిన్నపిల్లలు కూడా, గడ్డం లేకపోయినా, అదే పని చేశారు. ఆదోనికి బళ్లారి దగ్గర, కన్నడం వినని చెవి ఇక్కడ ఉండదు. అందుకే 2018లో వచ్చిన యశ్ ‘కేజీఎఫ్’ గడ్డం ఈ వైపు ఇంకాస్త గట్టిగానే పట్టుకుంది.

కానీ సినిమా ఒక్కటే చాలదు. వానలు సరిగా లేని ఈ పడమటి మండలాల నుంచి జనం ఏటా ‘సుగ్గి’కి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు మిరప చేలకు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. కుర్రాళ్లు బెంగళూరులో కట్టడాల పనికి పోతారు. అక్కడి సెలూన్‌లో కత్తెర పట్టినవాడు ఏ ఉత్తరాది రాష్ట్రం నుంచో వచ్చినవాడు. కుర్రాడి నాయన ఉన్నాడా పోయాడా, వీళ్లది ఏ వీధి అన్న సంగతులు అతనికి తెలియవు, అక్కర్లేదు. ఎట్లా కావాలని మాత్రం అడుగుతాడు. పల్లెలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

పల్లెలో క్షవరం వేరు. మంగలి ఇంటింటికీ వచ్చేవాడు, కూలి డబ్బులు కాదు, పంట ఇంటికొచ్చాక కొలిచే మేర. మంగళవారం కత్తి ముట్టేవాడు కాదు. ఎవరికి ఎట్లా గీయాలో ఊరి కట్టుబాటే చెప్పేది. దళితుల తలకు ఆ కత్తి తగలని ఊళ్లు ఎన్నో! తర్వాత సెలూన్లు వచ్చాయి. ఎయిడ్స్ భయం, ప్రచారం వచ్చాక ఒకే కత్తిని తోలు మీద నూరి అందరికీ వాడే రోజులు పోయి, మనిషికో కొత్త బ్లేడు వచ్చింది. ఇప్పుడు ట్రిమ్మర్ ఇంటికే వచ్చింది.

మీసం సంగతి చెప్పేటప్పుడు కులం ఎత్తకపోతే అది సగం కథే. మీసం అందరికీ ఉండేది, మెలేసే హక్కు అందరికీ ఉండేది కాదు. పెద్దింటి అరుగు ముందుకు వచ్చేసరికి తలగుడ్డ చంకలోకీ, మీసం కొస కిందికీ దిగాల్సిందే. గుజరాత్‌లో మీసం పెంచారని దళిత యువకులపై దాడులు జరిగాయన్న వార్తలు 2017లో వచ్చాయి. దానికి జవాబుగా ఎందరో దళిత యువకులు తమ మీసాల ఫొటోలు పెట్టారు.

మన సినిమా మాత్రం ఆ పెద్దింటి మీసాన్నే రాయలసీమ మొత్తానికీ అంటగట్టింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’. ఈ వరస చూసినవాళ్లకు సీమ అంటే మెలేసిన మీసం, చరిచిన తొడ. పత్తి బస్తాలు మోసే హమాలీ, మగ్గం గుంటలో కూర్చున్న ఎమ్మిగనూరు నేతగాడు, సుగ్గికి పోయే రైతు ఆ సినిమాల్లో గుంపులో ఓ మూల కూడా కనబడరు. మీసం తెర మీద నుంచి శాసనసభకూ నడిచింది. 2023 సెప్టెంబరులో హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ సభలో మీసం తిప్పితే పెద్ద రభసే అయింది.

ముఖం మీద హక్కు నాయనదేననే దారిలోనే చైనావాళ్లు మనకు ఎదురు దిక్కుకు నడిచారు. వెంట్రుకలు కూడా తల్లిదండ్రులు ఇచ్చినవే, పాడుచేసుకోకూడదని వారి పాత నీతి. గుళ్లలో పూజలందుకునే వీరుడు గువాన్ యూ పేరుపడ్డది పొడవాటి గడ్డానికే. మూతి మీద వెంట్రుక లేనివాడికి పని అప్పగించవద్దని వాళ్ల సామెత. ఆడ వేషాలకు పేరుమోసిన నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ జపాన్ ఆక్రమణ కాలంలో వాళ్ల కోసం వేషం కట్టనని మీసం పెంచాడు. అలాంటి దేశంలో ఇవాళ పట్నం కుర్రాడు నున్నటి ముఖంతో తిరుగుతాడు. తండ్రి, తాత ఉండగా గడ్డం పెంచడం మర్యాద కాదనే ఇళ్లూ ఉన్నాయి. నాయన ఉండగా తీయకూడదని మనం, పెంచకూడదని వాళ్లు!

గడ్డం మీద ప్రభుత్వాల కన్నూ పడుతుంది. చైనాలోని షింజియాంగ్‌లో 2017లో వచ్చిన నిబంధనలు ‘అసాధారణ’ గడ్డాన్ని తీవ్రవాద లక్షణాల్లో చేర్చాయి. ఉయిఘర్ ముస్లింల ప్రాంతం అది. మన దగ్గర వైమానిక దళంలో గడ్డం పెంచిన ఉద్యోగిని తొలగించడం సరైనదేనని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రెండూ ఒకటి కావు. వైమానిక దళానిది యూనిఫాం వేసుకున్నవాడికి పెట్టిన నియమం, షింజియాంగ్‌ది వీధిలో నడిచే ప్రతి మనిషికీ.

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో కొడుకు గడ్డం చూసి కసిరే నాయనలకు ఒక మనవి. ఆ గడ్డం ఎన్నాళ్లో ఉండదు, పెళ్లిచూపుల నాటికి సగం, ఉద్యోగం ఇంటర్వ్యూ నాటికి మిగతా సగం పోతుంది. దాని జోలి వదిలేసి రచ్చబండ మీద ఇంకో సంగతి ఎత్తండి: మీ ఊరి పెద్దవీధిలో దళిత కుర్రాడు మీసం తిప్పుకుంటూ నడిస్తే ఈ రోజున కూడా పిలిచి అడిగేవాళ్లు ఉన్నారా, లేరా? ఉంటే, పంచాయితీ పెట్టాల్సింది వాళ్ల మీద.