మోటారుసైకిల్ అదనపు దీపాల అమరిక: రిలే ఆవశ్యకత

1. ఉపోద్ఘాతం:
మోటారుసైకిల్‌కు అదనపు దీపాలను అమర్చేటప్పుడు వాటిని నేరుగా హెడ్‌లైట్ తీగకే జతచేయడం సులభమే గాని, సురక్షితం కాదు. ఒక దీపానికి సరిపోయే తీగ, స్విచ్ అధిక భారానికి వేడెక్కుతాయి. తీగపై తొడుగు కరిగితే షార్ట్ సర్క్యూట్ ఏర్పడి, వాహనానికి నిప్పంటుకునే ప్రమాదముంది.

2. రిలే పనితీరు:
ఈ భారాన్ని తప్పించే సాధనం రిలే. స్విచ్ నుంచి వచ్చే స్వల్ప విద్యుత్తు రిలేలోని తీగచుట్టను అయస్కాంతంగా మారుస్తుంది. ఆ ఆకర్షణతో లోపలి మార్గం కలిసి, బ్యాటరీ విద్యుత్తు దీపాలకు చేరుతుంది. సాధారణ రిలేలో 85, 86 కొనలు తీగచుట్టకు చెందినవి. వీటిలో ఒకదానిని స్విచ్‌కు, మరొకదానిని ఎర్త్‌కు కలపాలి. 30వ కొనకు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ద్వారా వచ్చే తీగను, 87వ కొనకు దీపాల తీగను కలపాలి. స్విచ్‌కు విద్యుత్తు ఇగ్నిషన్ తాళం ద్వారా అందితే, బండి ఆపినప్పుడు దీపాలు కూడా ఆరిపోతాయి. బ్యాటరీ ఖాళీ కాదు.

3. ఫ్యూజ్ నిర్ణయం:
12 వోల్టుల వ్యవస్థలో 20 వాట్ల దీపాలు రెండు సుమారు 3.3 ఆంపియర్లు తీసుకుంటాయి. తగిన మందం గల తీగతో 5 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. ఫ్యూజ్‌కు, బ్యాటరీకి మధ్యనున్న తీగకు రక్షణ ఉండదు గనుక ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి.

4. ముగింపు:
ఫ్యూజ్ పదేపదే కాలిపోతుంటే లోపాన్ని వెదకాలి. దాని స్థానంలో పెద్ద ఫ్యూజ్ వేస్తే, తరువాత కాలేది తీగే.