పెట్టెలోని విద్య

కడప జిల్లాలో పోరుమామిళ్ల యను గ్రామము కలదు. అచటి పెద్ద చెరువును విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించెను. 1369వ సంవత్సరపు శిలాశాసనము ఈ సంగతి తెలుపుచున్నది. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూరు బండ్లును రెండు సంవత్సరములు పనిచేసినట్లు అందు కలదు. దాతల పేర్లను, దానముల లెక్కలను చెప్పు శాసనములు మన సీమలో కొల్లలు. ఈ శాసనము మాత్రము అంతటితో ఆగలేదు. మంచి చెరువునకు వలసిన పండ్రెండు అంగములను, ఉండకూడని ఆరు దోషములను వివరించినది. జలశాస్త్రము తెలిసినవాడు కావలెను. నేల గట్టిదై యుండవలెను. కొండల నడుమ రాతికట్ట మిక్కిలి పొడవు కాక దృఢముగా నుండవలెను. నిడుపైన రాళ్లు దొరకు గని యుండవలెను. కట్టనుండి నీరు ఊరుట, నేల చవుడగుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పొలము ఎక్కువగుట మొదలైనవి దోషములు. చెరువుతోపాటు చెరువు కట్టు విద్యను గూడ ఆ రాజకుమారుడు రాతిపై నిలిపెను. చదువ నేర్చిన ఏ యూరివారైనను దానిని చూచి తమ చెరువును కట్టుకొనవచ్చును.

ఇక మన యిండ్లలోని యంత్రములను చూడుడు. సెల్‌ఫోను, టెలివిజను, ఇంటర్నెట్టును గదులకు పంచు రౌటరు, వీనిలో కంటికి కనబడు గాజు, రాగితీగెలు కాక కనబడని భాగమొకటి కలదు. యంత్రము ఎప్పుడేమి చేయవలెనో చెప్పు ఆజ్ఞల వరుస యది. దానినే సాఫ్టువేరందురు. నిపుణుడు దానిని మొదట మనుష్యులు చదువదగిన రూపమున వ్రాయును. ఆ వ్రాతకు సోర్సు కోడని పేరు. పిమ్మట అది యంత్రమునకు మాత్రమే తెలియు అంకెల మూటగా మారి పెట్టెలో చేరును. ఓళిగను తిన్నవానికి రుచి తెలియునుగాని పూర్ణమున బెల్లమెంతయో తెలియదు. పెట్టెను కొన్నవాని స్థితియు అట్టిదే. పెట్టె చెడినపుడు గాని ఈ లోటు తెలిసిరాదు.

ప్రొద్దుటూరిలో ఒక యువకుడు బోరు మోటారును సెల్‌ఫోనుతో ఆడించు పెట్టెను తయారుచేసి అమ్మదలచెననుకొందము. కరెంటు వచ్చు వేళకు, పాములు తిరుగు చీకటిలో పొలమునకు పరుగెత్తు రైతునకు అది గొప్ప సాయము. ఆజ్ఞలన్నియు తానే వ్రాయవలెనన్న అతనికి ఏండ్లు పట్టును. కావున లోకములో వేలమంది కూడి వ్రాసిన లైనక్సు అను సాఫ్టువేరును తెచ్చి అందు చేర్చును. దానికి వెల చెల్లింప నక్కరలేదు. అట్లని అది ఎవరి సొత్తును కాదనుకొనుట పొరపాటు. మనదేశపు 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో జరిగిన సవరణ వలన కంప్యూటరు ప్రోగ్రాములును సాహిత్య రచనలలో చేరినవి. పద్యకావ్యమునకును, మోటారు పెట్టెలోని ఆజ్ఞలకును చట్టము ఒకే పీట వేసినది! పండితులకిది వింతగా తోచవచ్చును. నాకును మొదట తోచినది. రచన యైనపుడు దానికి కర్త కలడు. కర్త యనుమతి లేక దానిని నకలుచేసి అమ్మరాదు.

లైనక్సు కర్తలు ఆ యనుమతిని ముందుగనే అందరికిని ఇచ్చియున్నారు. ఆ యనుమతిపత్రమునకు జీపీఎల్ అని పేరు. అమెరికా దేశీయుడగు రిచర్డు స్టాల్మన్ దానిని 1989లో వెలువరించెను. 1991లో రెండవ కూర్పు వచ్చినది. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు 1991లో ఆరంభించిన లైనక్సు ఈ పత్రము క్రిందనే నడచుచున్నది. పెట్టెను ఎంత వెలకైనను అమ్ముకొనుమని ఈ పత్రము చెప్పును. లాభమునకు అది అడ్డురాదు. అయితే పెట్టెతోపాటు అనుమతిపత్రపు ప్రతిని కొన్నవానికి ఇయ్యవలెను. సోర్సు కోడును, అమ్మువాడు అందు చేసిన మార్పులతో సహా, పెట్టెతోనే ఇయ్యవలెను. లేదా అడిగినవారికి పంపు ఖర్చు మాత్రము తీసికొని ఇత్తునని, మూడేండ్లకు తక్కువ కాని గడువుతో వ్రాసి యియ్యవలెను. తాను పొందిన స్వేచ్ఛను తనవద్ద కొన్నవానికి నిరాకరింపరాదు. పెట్టె లోపలి తీగెల అమరికను చూపవలెనని మాత్రము ఈ పత్రము కోరదు. లైనక్సుతో కలసిపోక విడిగా నిలుచునట్లు అతడు స్వయముగా వ్రాసికొన్న ప్రోగ్రామును గూడ అడుగదు.

ఈ షరతు కాగితముపై మాత్రమే యున్నదనుకొనరాదు. అమెరికాలో లింక్సిస్ సంస్థ అమ్మిన ఒక రౌటరులో లైనక్సున్నదనియు, సోర్సు కోడు ఇయ్యలేదనియు 2003లో కొందరు నిపుణులు కనుగొని ప్రశ్నించిరి. ఆ యేడే సంస్థ దానిని ప్రకటింపవలసి వచ్చెను. ఆ ప్రకటనమే మరియొక మేలునకు దారితీసెను. ఇతరులు ఆ కోడును దిద్ది, పెంచి, 2004లో ఓపెన్ డబ్ల్యూ ఆర్ టీ అను సాఫ్టువేరును ఆరంభించిరి. తయారుచేసినవారు విడిచిపెట్టిన పాత రౌటర్లు ఎన్నియో దాని వలన మరల పనికివచ్చినవి. లింక్సిస్‌ను కొనిన సిస్కో సంస్థపై ఇట్టి కారణము చేతనే 2008లో దావా పడెను. 2009లో అది రాజీతో ముగిసెను.

మాట తప్పక, మర్మము తప్పించు ఉపాయము గూడ ఒకటి కలదు. టెలివిజను కార్యక్రమములను పట్టియుంచు టీవో అను అమెరికా పెట్టె విషయమున అట్లే జరిగెను. సోర్సు కోడునిచ్చిరి, కాని దిద్దిన కోడును పెట్టె అంగీకరింపకుండ లోపల తాళము వేసిరి. చెరువు తూమును బాగుచేయు విధము చెప్పి, తూము దగ్గరకు పోనీయకుండుట వంటిదే యిది. 2007లో వెలువడిన జీపీఎల్ మూడవ కూర్పు, గృహోపయోగ యంత్రములలో ఇట్టి తాళమును అనుమతింపదు. లైనక్సు మాత్రము రెండవ కూర్పులోనే నిలిచినది.

అనుమతిపత్రములన్నియు ఇంత కఠినములు కావు. కర్త పేరును, అనుమతి వాక్యములను నిలిపిన చాలునను ఎంఐటీ, బీఎస్‌డీ పత్రములు కలవు. మన యువకుడు పెట్టె తెరపై తెలుగు చూపదలచినచో అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన తెలుగు అక్షరరూపములను వాడుకొనవచ్చును. వానిలో ఒకదానికి, నంద్యాల ప్రభువునకు కళాపూర్ణోదయమును అంకితమిచ్చిన పింగళి సూరన పేరు పెట్టిరి. వాని అనుమతిపత్రము వేరు. ఆ యక్షరములను పెట్టెలో చేర్చి అమ్మవచ్చును. అక్షరములను మాత్రమే విడిగా అమ్మరాదు.

ప్రొద్దుటూరి యువకుడు నాలుగేండ్లకు దుకాణము మూసి పట్టణమునకు పోయెననుకొనుడు. సెల్‌ఫోను కంపెనీ తన పద్ధతిని మార్చినది. పెట్టె పలుకుట లేదు. ఎండాకాలము, చీనీతోటకు తడి అందలేదు. రైతు ఆనాడే సోర్సు కోడును పెట్టెతో తీసికొని దాచియున్నచో, ఊరిలోని చదువుకొన్న పిల్లవాడు ఎవడైనను దానిని తెరచి, మార్చవలసిన నాలుగు పంక్తులను వెదకగలడు. లేనిచో పెట్టెను గోడనుండి ఊడదీసి, చేతిదీపము పట్టుకొని మరల చీకటిలో పొలమునకు నడువవలసినదే.

మీ యింటిలో ఆండ్రాయిడు సెల్‌ఫోనున్నచో సెట్టింగులు తెరచి, ఫోనును గూర్చి తెలుపు భాగమున చట్టపరమైన సమాచారమును వెదకుడు. అనుమతిపత్రముల జాబితా చాల పొడవుగా కనబడును. అందు లైనక్సు పేరు ఎచట నున్నదో, దాని క్రింద ఏ పత్రమున్నదో చూచి, రేపు తరగతిలో మీ యుపాధ్యాయునకు చెప్పుడు.