పోడియాట్రీ: కాళ్లకు మాత్రమే డాక్టర్.. అమెరికాలో ఫుల్ డిమాండ్, మరి మన దగ్గర?

షుగర్ ఉన్న మనిషి కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. నొప్పి తెలియదు. రెండు మూడు రోజుల తర్వాత చెప్పు తడిగా ఉందనో, వాసన వస్తోందనో ఇంట్లోవాళ్లు చూస్తారు. అప్పటికే అది పుండు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కట్టు, తర్వాత టౌన్‌లో స్కిన్ డాక్టర్, అక్కడి నుంచి సర్జన్. ఈ తిరుగుడులోనే వారాలు గడిచిపోతాయి. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో పెద్దాసుపత్రికి చేరేసరికి తీయాల్సింది వేలా, పాదమా అన్న దగ్గరికి మాట వస్తుంది.

ఇలాంటి కాలిని మొదట్లోనే పట్టుకోవడానికి అమెరికా, బ్రిటన్‌లలో విడిగా ఒక వృత్తే ఉంది. అదే పోడియాట్రీ. పాదం, చీలమండ.. వీళ్ల పనంతా ఈ రెండింటి మీదే.

ఐసీఎంఆర్ - ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. షుగర్ ఉన్నవారిలో 19 నుంచి 34 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి కాలిపుండు రావచ్చని వైద్య నిపుణుల అంచనా. అంటే ఈ వృత్తి అవసరం మనకెంత ఉందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ వీళ్లు చేసే పనేంటి?

చూడ్డానికి చాలా చిన్న పనిలా ఉంటుంది. సన్నటి నైలాన్ పోగు ఒకటి ఉంటుంది. 10 గ్రాముల ఒత్తిడి పడగానే వంగిపోతుంది. పేషెంట్‌ను కళ్లు మూసుకోమని, అరికాలిలో అక్కడక్కడా దాంతో నొక్కుతారు. తగిలినట్టు తెలియలేదంటే ఆ కాలికి రక్షణ పోయినట్టే. ఆ తర్వాత ఆనెలు చెక్కడం. ఇది సోకు కోసం కాదు, గట్టిపడిన ఆ చర్మం కిందే పుండు దాక్కుంటుంది కాబట్టి. పుండు మీద బరువు పడకుండా ప్రత్యేకమైన కట్టు వేయడం, చెప్పుల కొలతలు చూడటం కూడా వీళ్ల బాధ్యతే. షుగర్ లేనివాళ్లూ వస్తారు. మడమ నొప్పి, లోపలికి పెరిగిన గోరు, ఆటల్లో తగిలిన దెబ్బలు, పిల్లల చదునుపాదాలు.. ఇవన్నీ చూస్తారు. అమెరికాలో అయితే ఎముకల ఆపరేషన్లు కూడా పోడియాట్రిస్టులే చేస్తారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. స్పర్శ పోయిన కాలిని కాపాడటంలో ఇప్పుడు వాడే పద్ధతుల వెనుక మన పక్కనే ఉన్న వెల్లూరు అనుభవం ఉంది. అక్కడ కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, వేళ్లు పోవడానికి అసలు కారణం నొప్పి తెలియకపోవడమేనని గుర్తించారు. 1960లలో అమెరికాలోని లూసియానాకు వెళ్లాక, అదే సూత్రాన్ని షుగర్ పేషెంట్ల కాళ్లకూ వర్తింపజేశారు. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లు కొనుక్కునే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు కూడా కుష్ఠు రోగుల కోసం మొదలైనవే.

చదువు ఎలా?

అమెరికాలో ముందు డిగ్రీ చదివి, ఎంక్యాట్ రాయాలి. తర్వాత నాలుగేళ్ల డీపీఎం కోర్సు, ఆపై మూడేళ్ల రెసిడెన్సీ, రాష్ట్రం ఇచ్చే లైసెన్స్. ఎండీ సీట్లతో పోలిస్తే పోటీ తక్కువే. అలాగని చదువు తేలికేం కాదు, ఫీజులూ భారీగానే ఉంటాయి. సంపాదన ఏడాదికి సగటున లక్షన్నర డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. ‘మెడిసిన్ సీటు రాకపోతే ఎలా’ అని దిగులు పడే అక్కడి తెలుగు కుటుంబాలు ఈ దారిని కూడా ఒకసారి చూడొచ్చు.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ ఇంటర్ స్థాయి చదువు పూర్తయ్యాక నేరుగా బీఎస్సీ పోడియాట్రీలో చేరొచ్చు, సాధారణంగా మూడేళ్లు. హెచ్‌సీపీసీలో రిజిస్టర్ కాకుండా పోడియాట్రిస్ట్ అని బోర్డు పెట్టుకుంటే చట్టరీత్యా నేరం. అయితే ఇది ఎంబీబీఎస్ లాంటి డాక్టర్ కోర్సు కాదు. అమెరికా డీపీఎం కూడా మన ఎంబీబీఎస్‌కు సమానం కాదు. ఇక్కడికి తిరిగొచ్చి ప్రాక్టీస్ పెట్టాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కన్సల్టెన్సీల వాళ్లు అడిగితే తప్ప చెప్పరు!

మన దేశంలో ఇంటర్ కాగానే చేరడానికి పోడియాట్రీ డిగ్రీ కోర్సులు దాదాపు లేనట్టే. ఎంబీబీఎస్ తర్వాత జనరల్ సర్జరీ, ఆర్థో లాంటివి చేసి, ఆపైన డయాబెటిక్ ఫుట్‌లో ఫెలోషిప్ చేసినవాళ్లే ఇక్కడ ఈ కేసులు చూస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఉండేది పెద్ద నగరాల్లోనే. 2021లో పార్లమెంట్ ఆమోదించిన అనుబంధ వైద్య వృత్తుల చట్టంలో మాత్రం పోడియాట్రిస్ట్ పేరును కూడా చేర్చారు. చట్టంలో పేరైతే ఉంది. జిల్లా ఆసుపత్రి ఓపీలో షుగర్ పేషెంట్ చేత చెప్పు విప్పించి అరికాలు చూసే ఆ మనిషే ఇంకా రావాలి.