తల్లి నుండి బిడ్డను వేరుచేసిన చట్టము

2023లో కెనడాలో ‘లిటిల్ బర్డ్’ అను ఆరు భాగముల టెలివిజను నాటకము ప్రసారమైనది. అందు ఆదివాసి బాలికను అయిదవ యేట అధికారులు తల్లి యొద్దనుండి కొనిపోయెదరు. మాంట్రియల్‌లోని యూదు కుటుంబము ఆమెను పెంచుకొనును. పెద్దదై ఆమె తనవారిని వెదకుకొనును.

మనకీ కథ క్రొత్తది కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టము, 17వ సెక్షనున, అట్లు ముద్రవేయబడిన జాతులలో ఆరేండ్లు దాటి పదునెనిమిది నిండని బిడ్డలను తలిదండ్రులనుండి వేరుచేసి ప్రత్యేక పాఠశాలలలో ఉంచు అధికారమును ప్రభుత్వమున కిచ్చినది. బిడ్డ నేరము చేసియుండ నక్కరలేదు, పుట్టుకయే చాలును. బాపట్ల చెంత స్టూవర్టుపురమున ఎరుకల కుటుంబములు సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో బ్రదికినది ఈ చట్టము క్రిందనే. 1952 ఆగస్టు 31న అది దేశమంతటను రద్దయినది.

అదే 2023లో మన తెరకు వచ్చిన స్టూవర్టుపురపు కథ ‘టైగర్ నాగేశ్వరరావు’. అందు గజదొంగయే నాయకుడు. బిడ్డల కథ నెవరైన నాటకముగా వ్రాయుదురేని, తొలి దృశ్యమునకు ఆ 17వ సెక్షను చాలును.