సముద్రం అడుగున రబ్బరు రింగు ఎట్ల ఆగుతది?

చెన్నైల జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ‘మత్స్య 6000’ తయారు చేస్తున్నది. మన బోరు మోటరు లెక్కనే దాన్ని గూడ సబ్‌మెర్సిబుల్ అనే అంటరు. ముగ్గురు మనుషులు అందుల కూసొని 6000 మీటర్ల లోతుకు పోవాలె. ఆడ బొటనేలు గోరంత జాగ మీద ఆరు క్వింటాళ్ల ఒత్తిడి ఉంటది.

మనుషులు కూసునే గుండు టైటానియంది. మరి బయటి కెమెరాలు, వైర్ల కనెక్టర్లు? ఇసొంటి అతుకులకాడ నీళ్లను ఆపేది శాన తావుల ఓ రబ్బరు రింగే. ఓ-రింగ్ అంటరు.

రబ్బరు గట్టిగుంటె ఆగుతదనుకుంటం. అసలు ముచ్చట అది గాదు. రింగును జరంత నొక్కి గాడిల కూసోపెడ్తరు. నీళ్లు ఒక దిక్కు నుంచి తోస్తె అది అవతలి గోడకు అతుక్కుంటది. ఎంత తోస్తె అంత బిగుస్తది. నీళ్ల బలంతోనే నీళ్లను ఆపుడన్నట్టు.

తిప్పలంత సందుతోని. రెండు లోహపు ముక్కల నడుమ సందు జర ఎక్కువున్నా, గా ఒత్తిడికి రబ్బరు మురుకుల గొట్టంల పిండి లెక్క అందుల దూరి చినుగుతది. అందుకే దాని ఎనుక గట్టి ప్లాస్టిక్ రింగు ఇంకోటి పెడ్తరు.

చలి గూడ పగే. లోతుల నీళ్లు 2 నుంచి 4 డిగ్రీలే ఉంటయి, రబ్బరు బిర్రుగైతది. 1986ల అమెరికా చాలెంజర్ పేలి ఏడుగురు సచ్చిపోయింది చలికి రాకెట్‌ల ఓ-రింగ్ పనిచెయ్యకనే.

ఇంత లెక్కగట్టినంక గూడ బిగించేటోని చెయ్యే పెద్దది. గాడిల ఒక్క వెంట్రుకున్నా నీళ్లకు తొవ్వ దొరుకుతది. మంచి మెకానిక్ రింగును తుడిచి, గ్రీజు రాసి, వేలితోని సుట్టూ తడిమి చూసేది అందుకే.