గీజరుకో చలికాలం చెకప్!

ఆర్నెల్లుగా ముట్టుకోని గీజరు... చలి మొదలవగానే స్విచ్చి వేసి వాడేయడమేనా? వేణ్నీళ్ల స్నానం హాయిగా సాగాలంటే ముందు దాని బాగోగులు చూడాలి మరి!

కుళాయి తిప్పితే నీళ్లు జివ్వుమంటున్నాయంటే చలికాలం వచ్చేసినట్లే. ఒకప్పుడైతే పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు, ఆ తర్వాత రాగి బాయిలరు. వాటిని ఎప్పటికప్పుడు తోమేవారు కాబట్టి చిన్న చిల్లు పడినా ఇట్టే తెలిసిపోయేది. గోడకు ఎత్తుగా వేలాడే గీజరు అలా కాదు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు. అందుకే చలి ముదరకముందే ఓసారి మెకానిక్‌ని పిలిచి చూపించుకోవడం మేలు.

నీళ్లు నిండాకే...

చాలాకాలం తర్వాత వాడుతున్నప్పుడు ముందు వేణ్నీళ్ల కుళాయి తిప్పి, ధార ఆగకుండా వచ్చేదాకా చూడాలి. అప్పుడే ట్యాంకు నిండినట్లు. ఖాళీ ట్యాంకుతో స్విచ్చి వేస్తే హీటింగ్ ఎలిమెంట్ మాడిపోతుంది. నిల్వ ఉన్న మొదటి నీళ్లను పారబోయడమే మంచిది. ఎర్రగా వస్తున్నాయంటే ట్యాంకో పైపులో తుప్పు పడుతున్నట్లు.

తెల్లటి పెచ్చు

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజరుకు అసలు శత్రువు ఉప్పు. నీళ్లు కాగినప్పుడు అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎలిమెంట్‌కు పెచ్చులా అంటుకుంటాయి. దాంతో వేడి నీళ్లకు సరిగా అందదు. కరెంటు ఖర్చవుతుంది, నీళ్లు మాత్రం ఆలస్యంగా కాగుతాయి. లోపల్నుంచి టపటపమని చప్పుడు వస్తున్నా ఈ పెచ్చునే అనుమానించాలి. మెకానిక్‌తో ట్యాంకు శుభ్రం చేయించేటప్పుడే మెగ్నీషియం కడ్డీనీ చూపించాలి. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పును తాను భరించి అరిగిపోవడమే దాని పని. అది పూర్తిగా కరిగిపోతే ఇక తుప్పు పట్టేది ట్యాంకుకే!

నీళ్లు ఆలస్యంగా కాగినంత మాత్రాన ప్రతిసారీ లోపం ఉన్నట్లు కాదు. వేసవిలో 30 డిగ్రీలుండే నీటిని 60కి తేవాలంటే 30 డిగ్రీలు పెంచితే చాలు. చలికాలంలో 20 నుంచి మొదలుపెడితే 40 డిగ్రీలు పెంచాలి. అంటే మూడోవంతు అదనపు పని. 2 కిలోవాట్ల ఎలిమెంట్ ఉన్న 15 లీటర్ల గీజరుకు ఇందుకు 20 నిమిషాలకు పైనే పడుతుంది. అంతకు బాగా ఎక్కువ సమయం తీసుకుంటుంటేనే అనుమానించాలి.

ఆ చుక్కలు ఆపొద్దు!

నీళ్లు కాగుతున్నప్పుడు వాల్వు నుంచి చుక్కలు కారుతుంటే కొందరు గుడ్డ కుక్కో, బిరడా పెట్టో మూసేస్తుంటారు. చాలా ప్రమాదం! వేడికి నీరు వ్యాకోచిస్తుంది. 15 లీటర్ల నీరు 20 నుంచి 60 డిగ్రీలకు చేరేసరికి దాదాపు పావు లీటరు పెరుగుతుంది. ఆ ఒత్తిడిని బయటికి పంపేది సేఫ్టీ వాల్వే. దాన్ని మూసేస్తే, థర్మోస్టాట్ కూడా చెడిపోయిన రోజున ట్యాంకు పేలిపోవచ్చు. స్విచ్చి ఆపినా ధారలా కారుతుంటే మాత్రం వాల్వు మార్పించాల్సిందే.

ఎర్తింగ్ ఉందా?

కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమందా? ‘ఏదో కొద్దిగా’ అని వదిలేయకూడదు. తడి ఒంటికి కొద్దిపాటి కరెంటూ ప్రాణాంతకమే. వెంటనే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. గీజరుకు ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు పనికిరావు. కరెంటు లీకైతే క్షణంలో సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని ఇంటి బోర్డులో పెట్టించుకుంటే ఇంటిల్లిపాదికీ రక్ష. అయినా సరే, స్విచ్చి ఆపాకే స్నానానికి వెళ్లడం ఉత్తమం.

చన్నీళ్లు ముందు

థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల దగ్గర ఉంచితే లెజియొనెల్లా వంటి బ్యాక్టీరియా ట్యాంకులో బతకదు. అయితే అంత వేడి నీళ్లు అయిదారు సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. కాబట్టి బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేణ్నీళ్లు కలపాలి. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం.

గ్యాస్ గీజరైతే...

దీన్ని బాత్రూంలో పెట్టనే కూడదు. మూసి ఉన్న గదిలో మంట మండితే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమించి మనిషిని స్పృహ తప్పిస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం అనిపిస్తే ‘ఇంకో రెండు చెంబులు’ అనుకోకుండా బయటికి వచ్చేయాలి. గ్యాస్ కట్టేసి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గీజరును గాలి ధారాళంగా ఆడే బయటి ప్రదేశంలో బిగించి, నీళ్లు మాత్రం పైపు ద్వారా లోపలికి వచ్చేలా చేసుకోవాలి.

రాడ్డు వాడుతుంటే...

దాన్ని నీళ్లలో ముంచాకే స్విచ్చి వేయాలి. నీళ్లు కాగాయో లేదో వేలు ముంచి చూడటం ప్రాణాలతో చెలగాటమే. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లను ముట్టుకోవాలి. పిల్లలు తిరిగే చోట అసలు పెట్టొద్దు.

సంక్రాంతికి చుట్టాలొచ్చి, స్నానాలకు వరస కట్టాక మెకానిక్ కోసం పరుగెత్తే కన్నా, దీపావళి నాటికే ఈ పనులు పూర్తిచేసుకుంటే చలికాలమంతా నిశ్చింత!